కామనే అనే మందు

సత్తెనపల్లి నుంచి లోపలికి వెళ్ళే ఒక ఊళ్ళో జాన్ బాషా అనే ఆరెంపీ డాక్టరు ఉన్నాడు. 'ప్రథమ చికిత్స మాత్రమే' అని ఆయనే బోర్డు రాయించి గోడకు తగిలించుకున్నాడు గానీ, బోర్డులు చదువుకుని బతికే ఊరు కాదు అది. పిల్లాడికి పడిశం పట్టినా, ముసలాయనకు మోకాలు పట్టినా, గేదె ఈనలేక అవస్థ పడుతున్నా ముందు ఆయన గుమ్మమే తొక్కుతారు. గేదెలు నా పని కాదు మొర్రో అంటే వినరు. "చూసి ఒక మాట చెప్పవయ్యా" అంటారు.

ఆ మాటలోనే ఉంది ఆయన వైద్యమంతా. బాషా దగ్గర బీపీ మిషనుంది, నాలుగు రకాల బిళ్ళలున్నాయి, సూదులున్నాయి. వాటన్నిటికంటే బాగా పనిచేసేది ఆయన నోట్లో ఉంది. వచ్చినవాళ్ళు చెప్పుకున్నదంతా మధ్యలో అడ్డు తగలకుండా వింటాడు. నాడి పట్టుకుంటాడు. ఇంటికప్పు వైపు ఒకసారి చూస్తాడు. అప్పుడంటాడు, "కామనే."

అంతే. వచ్చినవాళ్ళ భుజాలు దిగుతాయి. సగం రోగం అక్కడే వదిలి, మిగతా సగానికి బిళ్ళలు పట్టుకుని వెళతారు.

వెటకారం కాదు, ఆ మాట చేసిన మేలు తక్కువేం కాదు. తొలిచూలు బాలింత పాలు పడటం లేదని ఏడుస్తుంటే, "మొదట్లో కామనే తల్లీ, బిడ్డని రొమ్ముకి దూరం చెయ్యమాక" అన్నాడు, రెండు రోజులకు పాలు పడ్డాయి. కొత్తగా కాపురానికొచ్చిన శ్రీరమ్య సాయంత్రమయ్యేసరికి కారణం లేకుండా ఏడుస్తుంటే, దయ్యం పట్టిందని అత్తగారు తాయెత్తు కట్టించబోయింది. బాషా ఆవిణ్ణి పక్కకు పిలిచి, "కొత్త కోడళ్ళకి కామనేనమ్మా, నాలుగు రోజులు పుట్టింటికి పంపు" అన్నాడు. తాయెత్తు తప్పింది, పిల్ల తేరుకుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ లెక్కన బాషాకి ఊరంతా చుట్టమే.

ఈ మాట ఆయన సొంతం కాదు. వయసులో ఉన్నప్పుడు సత్తెనపల్లిలో ఒక పెద్ద డాక్టరు దగ్గర కాంపౌండరుగా చేశాడు. ఆ డాక్టరు గారు వణికిపోతూ వచ్చినవాళ్ళతో, "ఇది కామనండీ, భయపడకండి" అనేవారు. ఆ ఒక్క ముక్కకి మొహాల్లోకి రక్తం రావడం బాషా పక్కన నిలబడి చూసేవాడు. 'మామూలే' అంటే మాత్రం అంత పని జరగదని ఆయన కనిపెట్టాడు. మామూలే అని అమ్మమ్మ కూడా అంటుంది. అమ్మమ్మ మాటకు ధైర్యం ఉంటుంది గానీ మెళ్ళో స్టెతస్కోపు ఉండదు. కామన్ అనేసరికి అది ఎక్కడో పెద్ద పుస్తకంలో చూసి చెప్పినట్టుంటుంది. సొంతూరికి వచ్చి మందుల పెట్టె తెరిచినప్పుడు ఆయన తనతో తెచ్చుకున్న చదువులో ముఖ్యమైనది ఇదే.

డాక్టరు గారు ఆ మాట అనేముందు రోగిని బల్ల మీద పడుకోబెట్టి ఎంతసేపు చూసేవారన్నది మాత్రం ఏళ్ళు గడిచేకొద్దీ బాషా మరిచిపోయాడు. మొదట్లో తనూ చూసేవాడు. తరవాత వినేవాడు. ఆ తరవాత ఫోనులొచ్చాయి.

ఇంట్లో ఆయన భార్య మదార్‌బీకి మాత్రం ఈ మందు పారలేదు. "నాకు కుడిపక్క నొప్పని చెప్పి ఎన్నాళ్ళయింది? నలభై దాటిన ఆడోళ్ళకి కామనే అంటివి. ఈయన నోట్లో పడితే చావు కూడా కామనే అయిద్ది" అని తిట్టేది. బాషా నవ్వేసేవాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఎదురు సామెతొకటి.

పెదవి దాటితే పృథివి దాటుతుందన్నట్టు, మాట బాషా గుమ్మం దాటి ఊళ్ళో పడింది. కరెంటు పోతే కామనే. కొన్న విత్తనం మొలవకపోతే కామనే. మొగుడు తాగొచ్చి కొడితే, పంచాయితీకి కూచున్న పెద్దమనుషులు కూడా మీసం దువ్వి కామనే. ఏం చెయ్యాలో తోచని ప్రతిచోటా, ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుందేమోనని భయపడ్డ ప్రతిచోటా ఆ మాట తెచ్చి మూతగా పెట్టేశారు. లోపల ఏం ఉడుకుతోందో చూసే పని తప్పింది.

ఇక మందు కొట్టే కాలం సంగతి. మిరపకు నల్ల తామర పురుగు వచ్చినప్పటి నుంచి ఆ చేలల్లో మందు కొట్టడానికి ఒక వేళాపాళా లేదు. ఒక డబ్బాతో పురుగు చావకపోతే రెండు, రెండింటితో చావకపోతే మూడు, బకెట్లో కలిపి కర్ర దొరక్కపోతే చేత్తోనే తిప్పి, తైవాన్ పంపు వీపున వేసుకుని చేలోకి దిగుతారు. సాయంత్రానికి తలనొప్పి, కడుపులో తిప్పు, కళ్ళ మంట. అందరూ బాషా దగ్గరికే. "మందు కొట్టినోడికి ఆ మాత్రం కామనే. మజ్జిగ తాగి పడుకో. రేపు మొహానికి తడి తువ్వాలు కట్టుకో, వాసన రాదు" అని పంపేవాడు. తడి తువ్వాలు సలహా ఆయనదే. చల్లగా ఉంటుందని జనానికి బాగా నచ్చింది. మొహం మీద అది రోజంతా మందుని పీల్చుకుంటూ ఉంటుందని ఆయనకు తట్టలేదు, కట్టుకున్నవాళ్ళకీ తట్టలేదు. మర్నాడు లేచి మళ్ళీ చేలోకి వెళ్ళేవాళ్ళే గనక ఆయన వైద్యం నిలబడింది.

ఆ ఊళ్ళో ఆదెయ్య అని బాషాకి బళ్ళో చదివినప్పటి నుంచి జతగాడు ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. ఆదెయ్య భార్య కోటిరత్నం ఆ లెక్కనే బాషాని అన్నయ్యా అంటుంది. ఆదెయ్య సొంత చేనుతోపాటు పిలిస్తే పక్కవాళ్ళ చేలల్లోనూ మందు కొడతాడు. మనిషి గట్టివాడు, నోరు ఇంకా గట్టిది. కాల్లో ముల్లు విరిగితే ఊరవతలికి వినపడేలా తిడతాడు, ముల్లునీ, కంచె వేసినవాణ్ణీ, ముల్లు తీస్తున్న బాషానీ కలిపి.

కార్తీకం వెళ్ళిన తరవాత ఒక మధ్యాహ్నం. బాషా పక్క ఊళ్ళో ఒక ముసలమ్మకి సెలైన్ పెట్టి కూచున్నాడు. ఫోను మోగింది. కోటిరత్నం.

"అన్నయ్యా, మీ బావ మందు కొట్టి వచ్చి వాంతి చేసుకున్నాడు. చెమటలు కారిపోతన్నయ్యి."

బాషా ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని సెలైన్ చుక్కలు సరిచేస్తున్నాడు. "పొద్దున ఏమన్నా తిన్నాడా?"

"టీ తాగి పోయాడు."

"పరగడుపున కొడితే కామనేనమ్మాయ్. మజ్జిగలో ఉప్పేసి ఇవ్వు. పడుకోనివ్వు."

"అంతేనంటావా?"

"కామనే."

ఫోను పెట్టేశాడు. ముసలమ్మ కోడలు టీ తెచ్చింది. గ్లాసు నోటి దాకా తెచ్చుకుని ఆగాడు. ఆ ఫోనులో ఏదో తక్కువైంది. ఏమిటా అని వెతుక్కుంటే తట్టింది. ఆదెయ్య గొంతు వినపడలేదు. వాంతి చేసుకున్న ఆదెయ్య పక్కనే ఉండి, పెళ్ళాం డాక్టరుకి ఫోను చేస్తుంటే, వెనకనుంచి ఒక్క తిట్టూ రాలేదు. పైగా చలిగాలి తిరిగిన రోజుల్లో చెమటలేమిటి? టీ అక్కడ పెట్టి, సూది తీసేసి బండెక్కాడు. దారి పొడుగునా తనకు తను కామనే కామనే అని చెప్పుకున్నాడు గానీ, మొట్టమొదటిసారి ఆ మాట ఆయన మీద పనిచెయ్యలేదు.

వెళ్ళేసరికి ఆదెయ్య వసారాలో మంచం మీద ఉన్నాడు. మందు కొట్టిన చొక్కా ఒంటి మీదే ఉంది. మొహానికి కట్టుకున్న తువ్వాలునే మడిచి తలకింద పెట్టారు. దానితోనే మూతి తుడుస్తున్నారు. పట్టించిన మజ్జిగ పెదాల పక్కనుంచి సొంగతో కలిసి కారుతోంది. దవడ కండ దానంతటదే అదురుతోంది. బాషా రెప్ప ఎత్తి చూశాడు. కంటిపాప ఆవగింజంత అయిపోయింది.

ఆ కన్ను ఆయనకు తెలుసు. కాంపౌండరుగా ఉన్నప్పుడు పురుగుమందు తాగినవాళ్ళని తెచ్చి బల్ల మీద వేసేవాళ్ళు. వాళ్ళ కళ్ళు ఇలాగే ఉండేవి. తాగినవాళ్ళకే అలా అవుతుందని ఇన్నేళ్ళూ అనుకున్నాడు. చర్మానికి నోరుంటుందని ఆయనకెవరూ చెప్పలేదు, ఆయన ఎవరినీ అడగలేదు.

"కారు తియ్యమనండి. సత్తెనపల్లి పోవాలి, ఇప్పుడే" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. చుట్టూ చేరిన ఇరుగుపొరుగు ఆయన మొహం వంక చూశారు.

"కంగారెందుకు డాక్టరు గారూ," అన్నాడు ఎదురింటాయన. "పోయినేడు నాకూ ఇట్టాగే అయిందిగా. మీరే కామనేనన్నారు. పొద్దున్నకి లేచి కూచున్నా."

"ఇందాక ఫోన్లో నాక్కూడా అదే చెప్పావుగా అన్నయ్యా," అంది కోటిరత్నం. ఆమె గొంతులో ఇంకా భయం లేదు. దాన్ని తీసేసింది బాషాయే.

మంచం మీద ఆదెయ్య కళ్ళు తెరవకుండా పెదాలు కదిపాడు. "కా... మనేలేరా బావా." నవ్వబోయాడు కూడా.

బాషా ఇన్నేళ్ళుగా ఇంటింటికీ పంచిన ధైర్యం ఇప్పుడు గుమ్మానికి అడ్డంగా నిలబడి మనిషిని బయటికి పోనివ్వడం లేదు. దాన్ని పక్కకు లాగాలంటే ఒకటే దారి. ఊళ్ళో వైద్యం చేసుకు బతికేవాడు నలుగురిలో అనకూడని మాటొకటి ఉంది. అది అనాలి.

"నేను తప్పు చెప్పాను," అన్నాడు గట్టిగా. "చూడకుండా చెప్పాను. ఫోన్లో నాకేం తెలవదు. ఇందాకా తెలవదు, పోయినేడూ తెలవదు. మీరు బతికింది నా వైద్యం వల్ల కాదు, మీ అదృష్టం వల్ల. వీడు పోతన్నాడు. కారు తియ్యండి!"

ఎదురింటాయన తాళాల కోసం పరిగెత్తాడు. బాషా ఆదెయ్య తలకింద తువ్వాలు లాగి పెరట్లోకి విసిరేశాడు. చొక్కా చించేశాడు. కోటిరత్నం బిందెడు నీళ్ళు తెచ్చి సబ్బుతో మొగుడి ఒళ్ళంతా రుద్దింది. బాషా మందు కలిపిన బకెట్ పక్కన పడున్న ఖాళీ డబ్బాలన్నీ ఏరి సంచిలో వేసుకుని, ఆదెయ్యని పక్కకు ఒత్తిగిలించి కార్లో పడుకోబెట్టి, తల తన ఒళ్ళో పెట్టుకున్నాడు. రోడ్డుకు రెండువైపులా ఎర్రబడుతున్న మిరప చేలు వెనక్కి పోతున్నాయి. ఆదెయ్య ఊపిరి ఎక్కడ ఆగుతుందోనని ప్రతి ఊపిరికీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. తిట్టరా, ఒక్కసారి తిట్టరా అని చెవిలో బతిమాలాడు.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ చిన్న వయసుది. డబ్బాలు చూసింది, కళ్ళు చూసింది, సూది మీద సూది వేయించింది. కాస్త స్థిమితపడ్డాక బాషా చేతులు కట్టుకుని అడిగాడు.

"మా వాడు... దక్కుతాడా అమ్మా?"

"ఈ సీజన్లో మాకిది చాలా కామనండీ," అంది ఆమె. బాషా తలెత్తాడు. ఆమె మొహంలో నవ్వు లేదు. "కొంతమంది దక్కుతారు. కొంతమంది దక్కరు. మీరు తొందరగా తెచ్చారు, డబ్బాలు తెచ్చారు. చూద్దాం." అని మళ్ళీ ఆదెయ్య వైపు తిరిగింది.

బాషా గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. అదే మాట. తన మాటే. చాలామందికి వస్తోంది అని ఆమె అన్నది. ఏమీ కాదులే అని తను అంటూ వచ్చాడు. చాలామందికి వచ్చేది ఏమీ కానిది ఎలా అవుతుంది? చాలామందికి వస్తోందంటే ఇంకా భయపడాలి గదా! ఊరంతా వాంతులు చేసుకుంటుంటే, ఊరంతా చేసుకుంటోంది గనక ఫర్వాలేదని చెప్పినవాడు తను. ఇంకోటి కూడా ఆయన చూశాడు, అదే ఎక్కువ గుచ్చుకుంది. తను ఆ మాట అనేసి లేచి వెళ్ళిపోయేవాడు. ఈ పిల్ల ఆ మాట అని కూడా మంచం దగ్గరే నిలబడి ఉంది.

బయట బల్ల మీద కోటిరత్నం కూచుని ఉంది. చేతులకు ఇంకా సబ్బు వాసన. బాషా వచ్చి కాస్త ఎడంగా కూచున్నాడు. ఆమె తిడుతుందని ఎదురుచూశాడు. తిట్టినా బాగుండేది.

"నువ్వు కామనేనన్నాక నేను లోపలికి పోయి అన్నం వార్చుకున్నా అన్నయ్యా," అంది నేల వంక చూస్తూ. "ఆయన అట్టా ఉంటే నేను కూరలో ఉప్పు చూసుకున్నా."

దానికి జాన్ బాషా దగ్గర మందు లేదు. భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కోటిరత్నం ఓదార్చలేదు. ఆయనా ఓదార్పు కోరుకోలేదు.

ఆదెయ్య దక్కాడు. ఇంటికొచ్చినవాడు సగం మనిషై వచ్చాడు, చేతుల్లో వణుకు చాలా రోజులు పోలేదు గానీ, ప్రాణం దక్కింది.

బాషా పేరు మాత్రం అంత తేలిగ్గా తేరుకోలేదు. "తనకేం తెలవదని తనే చెప్పుకున్నాడంట" అని కొందరు రావడం మానేశారు. వచ్చినవాళ్ళకు ఇంకో చిక్కు. ఇదివరకు రెండు నిమిషాల్లో తేలిపోయేది, ఇప్పుడు పడుకోబెడతాడు, రెప్పలెత్తుతాడు, కడుపు నొక్కుతాడు, నాకు తెలియడం లేదు పెద్దాసుపత్రికి పొమ్మంటాడు. ఒక ముసలాయన విసుక్కుని, "ఇవన్నీ ఎందుకయ్యా, ఆ ముక్క ఒక్కసారి అనెయ్, ఇంటికి పోయి నిద్రపోతా" అని బతిమాలాడు. బాషా ఆయన్ని ఆసాంతం చూసి, నిజంగానే గ్యాసు తప్ప ఏమీ లేదని తేల్చుకున్నాక, "కామనే తాతా" అన్నాడు. ఆ మాటని చంపాల్సిన పని లేదని ఆయనకు అప్పుడు తెలిసింది. అయితే అది ముందు రాకూడదు, చివర రావాలి. మదార్‌బీని గుంటూరు తీసుకెళ్ళి స్కానింగు తీయించాడు. పిత్తాశయంలో రాళ్ళు. "ఎన్నాళ్ళ నుంచి మొత్తుకున్నా!" అని దారంతా ఆవిడ సాధించింది. బాషా తలొంచుకుని పడ్డాడు, పడాల్సిందే.

సంక్రాంతి వెళ్ళిన తరవాత పురుగు మళ్ళీ తిరగబెట్టింది. ఒక పొద్దున కోటిరత్నం వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మీ బావ మళ్ళీ పంపు బయటికి తీస్తన్నాడు అన్నయ్యా. నా మాట వినడు. కూలోడికి చెప్తే రేపంటన్నాడు, పురుగు రేపటిదాకా ఆగదంట."

బాషా చేనికి వెళ్ళాడు. ఆదెయ్య గట్టు మీద డబ్బా మూత తిప్పుతున్నాడు. "ఏందిరా బావా, నీతులు చెప్పటానికొచ్చావా? పంట పోతే నువ్వు పెడతావా?" అన్నాడు.

పెట్టలేడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కొట్టొద్దు అనడం బాషాకి చేతనైన పనే గానీ, ఆ మాటా చూడకుండా చెప్పేదే అవుతుంది. అందుకని నీతి చెప్పలేదు. ముందు సద్దన్నం తినిపించాడు. ఒకటే డబ్బా కలపనిచ్చాడు, అదీ కర్రతో. ఆసుపత్రిలో అడిగి తెలుసుకుని కొనుక్కొచ్చిన మాస్కు, రబ్బరు తొడుగులు, పొడుగు చేతుల చొక్కా తొడిగించాడు. గాలి ఎటు వీస్తోందో మన్ను చల్లి చూసి, అది వీపుకి తగిలేలా సాలు పట్టించాడు. అంతా అయ్యాక గట్టు మీద బాసింపట్టు వేసుకుని కూచున్నాడు.

"ఇంటికి పోవా?" అన్నాడు ఆదెయ్య.

"పోను."

"అక్కడ జనం ఎదురుచూస్తుంటారు."

"చూడనీ. నువ్వు గట్టెక్కేదాకా ఇక్కడే కూచుంటా."

ఆదెయ్య ఏదో గొణుక్కుంటూ చేలోకి దిగాడు. పంపు మోత మొదలైంది. సాలు చివరికి వెళ్ళి తిరిగినప్పుడల్లా గట్టు వంక చూశాడు. బాషా కూచునే ఉన్నాడు. ఎండ ఎక్కింది. అలా కొంతసేపు నడిచాక, సాలు మధ్యలో ఆదెయ్య ఆగిపోయాడు. పంపు ఆపేశాడు. మిరప మొక్కలు తప్పించుకుంటూ గట్టు దగ్గరికి వచ్చి, మాస్కు కిందికి లాగి, ఇన్నేళ్ళలో ఎవరి ముందూ ఒప్పుకోని సంగతి ఒప్పుకున్నాడు.

"తల తిరుగుతోందిరా బావా. భయమేస్తోంది."

బాషా లేచాడు. గడ్డం పట్టుకుని ఆ మొహాన్ని వెలుగు వైపు తిప్పి, ఒక కన్నూ, తరవాత రెండో కన్నూ రెప్ప ఎత్తి చాలాసేపు చూశాడు. నాడి చూశాడు. ఆదెయ్య కదలకుండా నిలబడ్డాడు.

"పంపు దించు," అన్నాడు బాషా. "ఇవాళ్టికి చాలు."

ఆదెయ్య పంపు దించి, తొడుగులు ఊడదీశాడు.